పుట్టుమచ్చ తీయించుకోవాలంటే: అద్దం ముందు చూసుకోవడం నుంచి బయాప్సీ రిపోర్టు దాకా

“బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది, లేజర్‌తో తీయించుకోవచ్చా?” “గడ్డం గీసుకునేటప్పుడు మాటిమాటికీ తెగి రక్తం వస్తోంది, ఏం చేయాలి?” “పుట్టుమచ్చను కదిపితే క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా?” విజయవాడ, గుంటూరు వైపు పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నలివి. చివరిదానికి జవాబు ముందే చెప్పేస్తాం. మామూలు పుట్టుమచ్చను తీసినంత మాత్రాన అది క్యాన్సర్‌గా మారదు. అప్పటికే క్యాన్సర్ మొదలైన మచ్చను పుట్టుమచ్చే కదా అని కాల్చేస్తేనే ప్రమాదం. పైన చర్మం చక్కగా మానిపోతుంది, అడుగున మిగిలినది పెరుగుతూనే ఉంటుంది. మైక్రోస్కోపు కింద చూసే బయాప్సీ పరీక్షకు పంపుదామంటే చేతిలో ముక్క ఉండదు. అందుకే తీసే పద్ధతి కంటే ముందు ఆ మచ్చ ఏమిటో తేల్చుకోవాలి.

ఆసుపత్రిలో చేరాల్సిన పని కాదిది. ఓపీలోనే, పడుకోబెట్టి, ఆ చోటు వరకే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు. మచ్చ సైజును బట్టి పది నిమిషాల నుంచి అరగంట. ఉదయం వెళితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తారు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- మచ్చ ఫొటోలు: పక్కన స్కూలు స్కేలు పెట్టి తీసినవి రెండు, కాస్త దూరం నుంచి ఒకటి. వెలుతురు బాగుండాలి, ఫ్లాష్ వద్దు.
- రోజూ వాడే మందుల చీటీ. ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు, షుగరు మందులు, మొటిమలకు వేసుకునే ఐసోట్రెటినాయిన్.
- ఈమధ్య చేయించిన షుగరు రిపోర్టు. చాలా క్లినిక్‌లలో చిన్న ఆపరేషన్ అన్నా హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి పరీక్షలు కూడా అడుగుతారు, కంగారు పడకండి.
- ఆధార్ కార్డు. ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీకి కావాలి.
- పెట్రోలియం జెల్లీ కొత్త డబ్బా, అతుక్కోని గాజు గుడ్డ, కాగితపు ప్లాస్టర్, పారాసెటమాల్ మాత్రలు.
- ముందు బొత్తాలున్న చొక్కా లేదా వదులు జాకెట్. తల మీద నుంచి లాగాల్సిన టీషర్టు వేసుకుంటే ముఖం మీది కట్టు ఊడిపోతుంది.

1. అద్దం ముందు మచ్చను చదవండి

జనం పుట్టుమచ్చ అని తెచ్చి చూపించేవాటిలో చాలావరకు పుట్టుమచ్చలే కావు. మెడ చుట్టూ, చంకల్లో సన్నటి కాడతో వేలాడేవి స్కిన్ ట్యాగ్‌లు. మనవాళ్లు వీటినీ పులిపిర్లే అంటారు. పుస్తెలతాడు, నల్లపూసలు రాసుకునే చోట వాచి నొప్పి పెడతాయి. ఒక్కసారిగా ఎక్కువగా వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోండి. బుగ్గల మీద, కళ్ల చుట్టూ ఆవగింజలు చల్లినట్టు, అమ్మకూ అమ్మమ్మకూ ఉన్నట్టే వచ్చే నల్ల చుక్కలను డాక్టర్లు డీపీఎన్ అంటారు. వీటిని తేలిగ్గా తీసేయొచ్చు. పైన గరుకుగా, వైరస్ వల్ల వచ్చి ఒకచోటి నుంచి మరోచోటికి పాకేవి అసలు పులిపిర్లు. వాటి చికిత్స వేరు.

పుట్టుమచ్చ అయితే ఈ ఐదూ చూడండి. మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ ఒకేలా ఉన్నాయా? అంచు నున్నగా ఉందా, చెదిరిన సిరాలా ఉందా? రంగు ఒకటేనా, నలుపు, గోధుమ, ఎరుపు, తెలుపు కలగలిసి ఉందా? అడ్డంగా 6 మిల్లీమీటర్లు దాటిందా? అన్నిటికంటే ముఖ్యంగా, ఈమధ్య మారిందా? ఒంటి మీద మిగతా మచ్చలన్నీ ఒక తీరుగా ఉండి ఒక్కటే వేరుగా కనిపిస్తే దాన్ని డాక్టరుకు ముందు చూపించండి.

మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల వాళ్లు ఇంకో మూడు చోట్లు తప్పకుండా చూసుకోవాలి: అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో ఎక్కువగా బయటపడేది అక్కడే. పొలంలో ఉత్త కాళ్లతో నడిచేవాళ్లు అరికాలి నల్లమచ్చను ముల్లు గుచ్చుకుని కమిలిందనుకుని నెలల తరబడి వదిలేస్తారు. గుచ్చుకున్న రక్తపు మచ్చ చర్మం పెరిగేకొద్దీ కొన్ని వారాల్లో చెదిరిపోతుంది. చెదరకుండా పెరుగుతుంటే అది వేరే. పెద్దవయసులో ఒకే గోరులో కొత్తగా నల్లగీత మొదలై వెడల్పవుతున్నా, ఆ నలుపు గోరు మొదట్లోని చర్మం మీదికి పాకినా ఆలస్యం చేయొద్దు.

యాభై దాటినవాళ్లకు ముఖం మీద మెరుస్తున్న నల్లబొడిపె వచ్చి, పుండై, మానినట్టే మాని మళ్లీ రక్తం కారుతుంటే అది బేసల్ సెల్ కార్సినోమా కావచ్చు. మన చర్మంలో ఇది తరచూ నల్లగానే ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అని పొరపడటం చాలా సులువు.

2. ఎవరి దగ్గరికి వెళ్లాలి

చర్మవ్యాధుల స్పెషలిస్టు దగ్గరికి. బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఉత్త కాస్మెటాలజీ సర్టిఫికెట్ దీనికి సరిపోదు. పెద్ద మచ్చ, లేదా ముక్కు కొస, పెదవి అంచు వంటి చోట్లయితే ప్లాస్టిక్ సర్జన్. రెప్ప అంచు మీదైతే రెప్పల ఆపరేషన్లు చేసే కంటి డాక్టరు.

విజయవాడలో ప్రైవేటు క్లినిక్‌లు సూర్యారావుపేట, గవర్నర్‌పేటల్లో, గుంటూరులో కొత్తపేట, బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఎక్కువ. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లొచ్చు. ఉదయం ఓపీ మొదలయ్యేసరికే అక్కడ ఉండండి. మొదటి రోజు చూసి, ఆపరేషన్‌కు వేరే రోజు ఇవ్వడం మామూలే. అనుమానమున్న మచ్చ అయితే పెద్దాసుపత్రే మేలు. ముక్కను చూసే పెథాలజీ విభాగం కూడా అక్కడే ఉంటుంది.

బ్యూటీ పార్లర్లో మాత్రం వద్దు. చవకగా అవుతుందని కాటరీ పెన్నుతో కాల్పించుకున్న మచ్చ కింద ఏముందో తర్వాత ఎంత పెద్ద డాక్టరూ చెప్పలేరు.

3. మొదటి చూపులో అడగాల్సినవి

మంచి డాక్టరు మచ్చ మీద చిన్న దుర్భిణి లాంటి డెర్మోస్కోప్ పెట్టి చూస్తారు. నొప్పి ఉండదు, నిమిషం పని. దూరం నుంచే చూసి “లేజర్ చేసేద్దాం” అంటే, దగ్గరగా చూడమని అడగడానికి మొహమాటపడకండి.

“ఇది ఏ రకం మచ్చ? ఏ పద్ధతిలో తీస్తారు, ఎందుకు? ముక్క బయాప్సీకి వెళ్తుందా? మచ్చ స్థానంలో ఎంత గీత మిగులుతుంది? మళ్లీ వచ్చే అవకాశం ఎంత? చెప్పిన ఖర్చు ఒక్కో మచ్చకా, మొత్తానికా? బయాప్సీ, కుట్లు తీయడం అందులో కలిసే ఉన్నాయా?” ఇవన్నీ అడగండి. డబ్బు విషయంలో గొడవలన్నీ చివరి రెండు ప్రశ్నలు ముందే అడక్కపోవడం వల్ల వచ్చేవే. అందం కోసం తీయించుకునే మచ్చకు ఆరోగ్య బీమా డబ్బు ఇవ్వదు. వైద్యపరంగా అవసరమని డాక్టరు రాసిచ్చిన సందర్భం వేరు. అప్పుడు కూడా మీ పాలసీలో ఓపీ ఖర్చులు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మీరు దాచకుండా చెప్పాల్సినవి: గుండెలో పేస్‌మేకర్ ఉంటే (కరెంటుతో మచ్చను కాల్చే రేడియో ఫ్రీక్వెన్సీ, కాటరీ పద్ధతులు దానితో పడకపోవచ్చు), గర్భిణి అయితే, ఇంతకుముందు ఇంజెక్షన్ పడక ఇబ్బంది అయితే, చెవి కుట్టిన చోటో టీకా వేసిన చోటో కాయలా పెరిగి ఉంటే. చివరిది కెలాయిడ్ లక్షణం. అలాంటివాళ్లకు ఛాతీ మధ్యన, భుజం మీద, దవడ అంచున పుట్టుమచ్చ తీస్తే మచ్చ పోయి దానికి రెట్టింపు కాయ వచ్చే ప్రమాదం ఉంది. ఆ చోట్లలో అందం కోసమే అయితే తీయించుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

4. పద్ధతి: ఏ మచ్చకు ఏది

*రేడియో ఫ్రీక్వెన్సీ, ఎలక్ట్రో కాటరీ, సీఓటూ లేజర్.* డీపీఎన్ చుక్కలకూ స్కిన్ ట్యాగ్‌లకూ ఇవి సరిపోతాయి. కుట్లు ఉండవు. ముఖం మీద చాలా ఉంటే మొద్దుబారే క్రీము రాసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి, 45 నిమిషాల నుంచి గంట ఆగి చేస్తారు. కానీ వీటిలో కణజాలం కాలిపోతుంది, పరీక్షకు ఏమీ మిగలదు. కాబట్టి చదునుగా ఉన్న, మారుతున్న, రంగు కలగలిసిన మచ్చకు ఈ మూడూ వద్దే వద్దు.

*షేవ్.* ఉబ్బెత్తుగా, మెత్తగా, ఏళ్ల తరబడి మారకుండా ఉన్న మచ్చను చర్మం మట్టానికి బ్లేడుతో చెక్కేస్తారు. ముఖం మీద ఫలితం బాగుంటుంది. మచ్చ కుదుళ్లు లోపలే ఉండిపోతాయి కాబట్టి మచ్చలో వెంట్రుక ఉంటే మళ్లీ మొలుస్తుంది, రంగు కూడా కొంత తిరిగి రావచ్చు. ఈ ముక్కనూ బయాప్సీకి పంపించండి.

*పంచ్.* సుమారు 6 మి.మీ. లోపు మచ్చను కుదుళ్లతో సహా గుండ్రంగా తీసి, ఒకటి రెండు కుట్లు వేస్తారు. చిన్న మచ్చను పూర్తిగా తీసేయడానికి, రిపోర్టు సరిగా రావడానికి మాకు ఎక్కువగా నచ్చేది ఇదే.

*కోసి కుట్లు వేయడం.* పెద్ద మచ్చకు, అనుమానమున్న ప్రతి మచ్చకు. చుట్టూ సుమారు 2 మి.మీ. మామూలు చర్మం కలిపి ఆకు ఆకారంలో కోస్తారు. చాలామంది ఇక్కడే నిరాశ పడతారు: “మచ్చ చిన్నదే కదా, గీత ఇంత పొడుగేంటి?” లెక్క చూడండి. 6 మి.మీ. మచ్చ, రెండు వైపులా రెండేసి కలిపితే 10 మి.మీ. వెడల్పు. చర్మం ముడతపడకుండా చదునుగా అతుక్కోవాలంటే పొడవు దానికి మూడింతలు ఉండాలి. అంటే 3 సెంటీమీటర్ల గీత. ముందే స్కేలు మీద చూసుకుని ఒప్పుకోండి.

పుట్టుకతోనే వచ్చిన అరచేయంత మచ్చలు, పసిపిల్లల మచ్చలు ఓపీలో తీసేవి కావు. వాటిని పెద్దాసుపత్రిలోనే చూపించండి.

5. రోజు ఎంచుకోవడం

ఏప్రిల్, మే నెలల్లో వద్దు. బెజవాడ ఎండలో చెమటకు ప్లాస్టర్ గంట నిలవదు, తడిసిన కట్టు కింద పుండు నానుతుంది, ఎండకు నల్లమచ్చ పడుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. పెళ్లి ఉంటే కనీసం మూడు నెలల ముందు చేయించుకోండి: వైశాఖంలో ముహూర్తమైతే సంక్రాంతి లోపే. పెళ్లికి పది రోజుల ముందు తీయించుకుని, పచ్చిపుండు మీద నలుగు పెట్టించుకుని చీము పట్టించుకునే వాళ్లుంటారు.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు ఒక చిన్న మచ్చ కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపితే మచ్చ కంటే పెద్ద ప్రమాదం. డాక్టరుకు చెబితే రక్తం ఎక్కువ కారకుండా చూసుకుంటారు. వార్ఫరిన్ వాడేవాళ్లు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ రిపోర్టు తీసుకెళ్లాలి.

ఆ ఉదయం టిఫిన్ తిని వెళ్లండి. పరగడుపున వెళితే సూది చూడగానే కళ్లు తిరుగుతాయి. ముఖానికి క్రీము, పౌడరు, బొట్టు ఏమీ వద్దు.

6. గదిలో ఏం జరుగుతుంది

మొదట పెన్నుతో గీసుకుంటారు. తీయాల్సినవి రెండు మూడు ఉంటే, ఏవేవో అద్దంలో చూసి మీరే వేలు పెట్టి చూపించండి. పడుకున్నాక, చర్మం సాగాక, చిన్నమచ్చలు కనబడకుండా పోతాయి.

తర్వాత లిగ్నోకెయిన్ ఇంజెక్షన్. సన్న సూదే అయినా మందు ఎక్కేటప్పుడు పది సెకన్లు చురుక్కుమంటుంది. మొత్తం మీద నొప్పి అంటూ ఉండేది అదే. అందులో ఎడ్రినలిన్ కలిపి ఉంటే కాసేపు గుండె దడదడలాడుతుంది, తగ్గిపోతుంది. కొన్ని నిమిషాలు ఆగి సూదితో గుచ్చి చూస్తారు. నొక్కుడు, లాగుడు తెలియడం మామూలే. పదునుగా నొప్పి తెలిస్తే వెంటనే చెప్పండి, ఇంకాస్త మందు ఇస్తారు. ఓర్చుకుని కదిలితే గీత వంకరవుతుంది.

పంచ్ అంటే పెన్సిల్‌ లాంటి చిన్న పరికరం, కొసన గుండ్రటి పదును. రెండు వేళ్ల మధ్య తిప్పుతూ మచ్చ మీద నిటారుగా దింపుతారు. కొవ్వు దాకా దిగాక పైకి తీస్తే మచ్చ చిన్న బిరడాలా పైకి లేస్తుంది. దాన్ని నలగకుండా సూదితో ఎత్తి అడుగున కత్తెరతో కోస్తారు. చూస్తే పైన గోధుమరంగు టోపీ, కింద తెల్లటి చర్మం, అడుగున చిటికెడు పసుపుపచ్చ కొవ్వు. మొత్తం కలిపి బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. అడుగున ఆ పసుపుపచ్చ కనిపిస్తే చర్మం మందమంతా వచ్చినట్టు.

రేడియో ఫ్రీక్వెన్సీలో వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. భయపడకండి.

7. ముక్క మీ కళ్ల ముందే సీసాలోకి వెళ్లాలి

ఇది వదలకూడని మెట్టు. ముక్కను 10% ఫార్మలిన్ ఉన్న సీసాలో వేయాలి, ద్రవం ముక్కకు పది రెట్లుండాలి. ఉప్పునీళ్లలో, స్పిరిట్‌లో, ఉత్త కవర్లో వేసిస్తే ల్యాబ్‌కు వెళ్లేసరికి పాడవుతుంది. రెండు మచ్చలు తీస్తే రెండు సీసాలు. సీసా మీద మీ పేరు, వయసు, తేదీ, ఏ చోటిదో “ఎడమ బుగ్గ”, “కుడి భుజం” అని స్పష్టంగా రాసి ఉండాలి. రెండిటినీ ఒకే సీసాలో వేసి, తర్వాత ఒకదానిలో తేడా ఉందని రిపోర్టు వస్తే ఏ చోట మళ్లీ కోయాలో ఎవరికీ తెలియదు. ల్యాబ్‌కు మీరే తీసుకెళ్లమంటే మూత బిగించి నిటారుగా పట్టుకెళ్లండి, అదే రోజు ఇచ్చి రశీదు తీసుకోండి.

“మామూలుదే, పంపక్కర్లేదు” అని డాక్టరు అంటే? స్కిన్ ట్యాగ్, డీపీఎన్ అయితే సరే. పుట్టుమచ్చ అయితే పంపమనే అడగండి.

8. మొదటి రెండు వారాలు

కుట్లు వేసినచోట మొదటి 24 నుంచి 48 గంటలు తడి తగలనివ్వకండి. తర్వాత రోజుకోసారి చేతులు కడుక్కుని, మామూలు నీళ్లు, ఘాటులేని సబ్బుతో మెల్లగా కడిగి, శుభ్రమైన బట్టతో అద్ది, పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, గాజుగుడ్డ వేయండి. పుండు ఎండితేనే మానుతుందని మనకో నమ్మకం. తేమగా ఉంచితేనే త్వరగా, మచ్చ తక్కువగా మానుతుంది. యాంటీబయాటిక్ పౌడరు చల్లితే అది గట్టి పెచ్చు కట్టి, ఊడేటప్పుడు కింది కొత్త చర్మాన్ని కూడా లాక్కొస్తుంది. పసుపు, కాఫీపొడి, హైడ్రోజన్ పెరాక్సైడ్, స్టిరాయిడ్ క్రీములు ఏవీ వద్దు.

రక్తం కారితే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా నొక్కి, గడియారం చూసుకుని 20 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఎత్తి చూడొద్దు. ఆగిందా అని రెండు నిమిషాలకోసారి తీసి చూడటం వల్లే ఆగదు. అప్పటికీ కారుతుంటే క్లినిక్‌కు వెళ్లండి.

నొప్పికి 650 మి.గ్రా. పారాసెటమాల్ ఆరు గంటలకొకటి చొప్పున, రోజుకు నాలుగు దాటకుండా. మొదటి రెండు రోజులు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకాలు వద్దు, రక్తం కారొచ్చు.

పథ్యం గురించి ఎప్పుడూ అడుగుతారు. పప్పు తింటే చీము పడుతుందనేది నిజం కాదు. గోంగూర, వంకాయ, చేప, గుడ్డు, దేనికీ పుండుకూ సంబంధం లేదు. పప్పు, గుడ్డు మానేస్తే కొత్త చర్మం కట్టడానికి కావలసిన మాంసకృత్తులే తగ్గుతాయి. షుగరు అదుపులో పెట్టుకోండి, సిగరెట్టు మానండి. పుండు మానడానికి నిజంగా అడ్డొచ్చేవాటిలో ముఖ్యమైనవి ఆ రెండు.

చోటును బట్టి జాగ్రత్తలు మారతాయి. నుదుటి మీదైతే పూర్తిగా మానే దాకా స్టిక్కర్ బొట్టు పెట్టొద్దు. దవడ కిందైతే హెల్మెట్ పట్టీ రాసుకుంటుంది, బండి మానేసి ఆటో ఎక్కండి. నడుము దగ్గరైతే లంగా బొందు, మొలతాడు పక్కకు జరపండి. తల మీదైతే తలనీలాల మొక్కు కనీసం నెల వాయిదా వేయండి. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు కుట్లు తీసే దాకా సెలవు పెట్టడమే మంచిది. కారం దుమ్ము, చెమట కలిస్తే ఆ మంటకు గోకకుండా ఉండలేరు. కృష్ణలో మునగడం, ఈత రెండు మూడు వారాలు ఆపండి.

కాల్చి తీసినవాటికి కుట్లు ఉండవు కానీ పెచ్చు కడుతుంది. ముఖం మీద 7 నుంచి 10 రోజుల్లో దానంతట అదే రాలుతుంది. గోటితో గిల్లితే గుంట పడుతుంది. గుంట పడ్డాక దాన్ని పూడ్చడం మచ్చ తీయడం కంటే కష్టం.

9. కుట్లు ఎప్పుడు తీయాలి

ముఖం: 5 నుంచి 7 రోజులు. తల: 7 నుంచి 10. ఛాతీ, వీపు, చేతులు, కాళ్లు: 10 నుంచి 14. అరికాలు: 14 తక్కువ కాదు. ముఖం మీద ఆలస్యం చేస్తే నిచ్చెన మెట్లలా కుట్ల గుర్తులు పడతాయి. వీపు మీద తొందరపడితే పుండు విచ్చుకుంటుంది. కుట్లు తీశాక చర్మం మునుపటి బలానికి ఇంకా చాలా దూరంలో ఉంటుంది. వీపు, భుజం మీద చేయించుకున్నవాళ్లు మరో మూడు నాలుగు వారాలు నీళ్ల బిందెలు, గ్యాస్ సిలిండర్లు, జిమ్ బరువులు ఎత్తొద్దు. గీత సాగి వెడల్పయ్యేది ఈ వారాల్లోనే.

10. నల్లమచ్చ పడకుండా

మన చర్మానికి ఎక్కడ దెబ్బ తగిలినా నలుపు పట్టే గుణం ఉంది. పుట్టుమచ్చ పోయి దాని చోట నల్లమరక మిగిలిందనే ఫిర్యాదు దానివల్లే. పుండు పూర్తిగా మూసుకున్న రోజు నుంచి ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్న సన్‌స్క్రీన్ రాయండి. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండినంత కావాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. స్కార్ఫ్ కట్టుకున్నా సన్‌స్క్రీన్ మానొద్దు. కోసి కుట్లు వేసిన గీతకు, కుట్లు తీసి చర్మం మూసుకున్నాక, సిలికాన్ జెల్ రోజుకు రెండుసార్లు, మూడు నెలల పాటు. ఎరుపు కొన్ని నెలలు ఉండొచ్చు. ఆ మధ్యలో కంగారుపడి తెల్లబరిచే క్రీములు కొని రాసుకోకండి.

11. రిపోర్టు తెచ్చుకుని చదవండి

బయాప్సీ రిపోర్టు మామూలుగా వారం పది రోజుల్లో వస్తుంది. ఫోన్ రాలేదు కాబట్టి బాగానే ఉందనుకోకండి. వెళ్లి కాగితం తెచ్చుకోండి. “ఇంట్రాడెర్మల్ నీవస్”, “కాంపౌండ్ నీవస్”, “జంక్షనల్ నీవస్” అని ఉంటే మామూలు పుట్టుమచ్చే. “డిస్‌ప్లాస్టిక్” లేదా “ఎటిపికల్” అని ఉంటే ఇంకాస్త చర్మం తీయాలా అని డాక్టరు చెబుతారు. “మార్జిన్స్ ఫ్రీ” అంటే అంచులదాకా శుభ్రంగా వచ్చేసింది, “ఇన్‌వాల్వ్‌డ్” అంటే అంచులో కొంత మిగిలింది. మామూలు పుట్టుమచ్చకైతే అలా మిగిలినా భయం లేదు. “మెలనోమా” అన్న మాట ఉంటే ఆ వారంలోనే క్యాన్సర్ సర్జన్‌ను కలవాలి.

కాగితం ఫొటో తీసి దాచండి. మచ్చ తిరిగి వచ్చి మళ్లీ కోయాల్సి వస్తే, మానిన గీతలో పెరిగిన మామూలు మచ్చ కూడా మైక్రోస్కోపు కింద క్యాన్సర్‌లా కనిపించగలదు. పాత రిపోర్టు చూపిస్తే పెథాలజిస్టు పొరపడరు.

సరిగ్గా మానుతోందా? ఇలా చూసుకోండి

మూడో రోజు: నొప్పి రోజురోజుకూ తగ్గాలి. పెరుగుతుంటే, చుట్టూ ఎరుపు పాకుతుంటే, వేడిగా ఉంటే, చీము, జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి. పెట్రోలియం జెల్లీ కింద పలచటి పసుపు తేమ చీము కాదు. చీము చిక్కగా ఉంటుంది, వాసన వేస్తుంది.

నెలకు: గీత గులాబీ లేదా గోధుమరంగులో, చదునుగా. ఆరు వారాలు దాటాక గట్టిపడి, దురదపెట్టి, పాత మచ్చ హద్దులు దాటి పెరుగుతుంటే కెలాయిడ్. మొదట్లోనే వెళ్తే అందులోకి ఇచ్చే ఇంజెక్షన్లతో అణగుతుంది.

మూడు, ఆరు నెలలకు: అదే వెలుతురులో, అదే స్కేలు పెట్టి మళ్లీ ఫొటో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి. గీత మధ్యలో కొత్తగా గోధుమ చుక్క కనిపిస్తే రిపోర్టుతో సహా వెళ్లండి.

ఇంట్లో చేసే తప్పులు

సున్నంలో బట్టల సోడా కలిపి పెట్టడం అన్నిటికంటే చెడ్డది. అది మచ్చ దగ్గర ఆగదు, చుట్టుపక్కల చర్మాన్ని లోతుగా కాల్చి జీవితాంతం గుంట మిగులుస్తుంది. నల్లజీడి రసం వల్ల ముఖమంతా బొబ్బలెక్కుతుంది. వెల్లుల్లి కట్టడం, అగరుబత్తితో కాల్చడం, ఆన్‌లైన్‌లో అమ్మే మచ్చ రాల్చే క్రీములు కూడా ఇదే కోవ. వెంట్రుక, దారం బిగించి కడితే స్కిన్ ట్యాగ్ కాడ కొన్నిసార్లు రాలుతుంది కానీ చీము కూడా పడుతుంది. పుట్టుమచ్చకు మాత్రం ఎప్పుడూ కట్టొద్దు.

మచ్చలోని వెంట్రుక ఒక్కటే ఇబ్బందైతే మచ్చనే తీయించుకోనక్కర్లేదు. కత్తెరతో మొదటికంటా కత్తిరిస్తే చాలు.

పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసిన మచ్చ అయితే?

మనవైపు చాలామంది అసలు భయం ఇదే. టెన్త్ సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాలుగా రాసిన పుట్టుమచ్చను తీయించుకోవడం నేరం కాదు, ఆరోగ్యం కోసమైతే దానికోసం ఆగకూడదు కూడా. మూడు కాగితాలు దాచుకోండి: తీయకముందు ముఖంతో సహా కనిపించే ఫొటో, ఏ చోటి మచ్చను ఏ తేదీన తీశారో డాక్టరు లెటర్‌హెడ్ మీద సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో రాసిచ్చిన చీటీ, బయాప్సీ రిపోర్టు. సర్టిఫికెట్ల పరిశీలనలో అడిగితే ఇవి చూపించండి. మానిన గీత కూడా అదే చోట ఉంటుంది. ఇకమీదట నింపే దరఖాస్తుల్లో మాత్రం మిగిలి ఉన్న మరో మచ్చనే రాయండి. ఉద్యోగ నియామకాల మధ్యలో ఉన్నవాళ్లు, మచ్చలో అనుమానమేమీ లేదని డాక్టరు చెబితే, పరిశీలన అయ్యాకే తీయించుకోండి.